కుడి నుంచి మొదలయ్యే లెక్క

వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికోసారైనా ఒక లెక్క చక్కర్లు కొడుతుంది. 8 ÷ 2(2 + 2) ఎంత? కొందరు 16 అంటారు, కొందరు 1 అంటారు. బోడ్మాస్ బాగా గుర్తున్నవాళ్లూ, ఇంజనీరింగ్ పూర్తి చేసినవాళ్లూ కూడా రెండు పక్షాలై వాదించుకుంటారు. చివరికి ఎవరో ఒకరు "ఇంత గొడవెందుకు, కంప్యూటర్‌నే అడిగితే పోలా?" అంటారు.

అడిగి చూద్దాం. 2కీ బ్రాకెట్‌కీ మధ్య గుణకారం గుర్తు పెట్టి పైథాన్ భాషలో అడిగితే 16 వస్తుంది. అదే లెక్కను ఏపీఎల్ అనే భాషలో అడిగితే 1 వస్తుంది. గుణకారంలో గానీ భాగహారంలో గానీ ఏ భాషా తప్పు చేయలేదు. తేడా అంతా చదవడంలోనే ఉంది. ఏ గుర్తు ఏ సంఖ్యలకు చెందుతుంది, ఏది ముందు చేయాలి అనేది తేలిన తర్వాతే ఏ యంత్రమైనా లెక్క మొదలుపెట్టగలదు. అలా తేల్చుకోవడాన్ని ఈ అధ్యాయంలో అన్వయం అందాం. కంప్యూటర్ రంగంలో దీన్నే పార్సింగ్ అంటారు. తేలినదాన్ని చేసి జవాబు రాబట్టడం అమలు.

ఏపీఎల్, దాని తర్వాత పుట్టిన జె వంటి భాషలను శ్రేణి భాషలు అంటారు. అవి ఒక్కో సంఖ్యతో విడిగా పని చేయవు. సంఖ్యల వరుసనో, అడ్డం నిలువు గళ్లున్న పట్టికనో ఒక్క వస్తువుగా పట్టుకుని పని చేస్తాయి. కోట్ల సంఖ్యలను నమిలేసే ఈ భాషల అన్వయ నియమాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అంత కొద్ది నియమాలతో అంత పని ఎలా సాగుతుందో ఒక్కో మెట్టుగా చూద్దాం.

ఐవర్సన్ చూసిన చిక్కు

కెనెత్ ఐవర్సన్ 1920లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, కామ్రోజ్‌లో పుట్టాడు. 1954లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ అందుకుని అక్కడే పాఠాలు చెప్పాడు. దత్తాంశాలను యంత్రాలతో ఎలా సంస్కరించాలో బోర్డు మీద రాసి వివరించబోయేసరికి, వందల ఏళ్లుగా వాడుకలో ఉన్న గణిత సంకేతాలే ఆయనకు అడ్డం వచ్చాయి.

మనం బడిలో నేర్చుకున్న గుర్తులను ఒకసారి తలచుకోండి. కూడిక గుర్తు రెండు సంఖ్యల మధ్య ఉంటుంది. వర్గమూలం సంఖ్యకు ముందు ఉంటుంది. క్రమగుణితం 5! లాగా సంఖ్య తర్వాత వస్తుంది. పరమమూల్యానికి సంఖ్యకు రెండు వైపులా గీతలు గీయాలి. ఘాతాన్ని పైన చిన్నగా రాయాలి. బీజగణితంలో గుణకారానికి ఒక్కోసారి గుర్తే ఉండదు, పక్కపక్కన రాస్తే చాలు. మనిషి కన్ను వీటన్నిటికీ అలవాటు పడింది. ఒక పద్ధతి ప్రకారం అడుగులు వేయాల్సిన యంత్రానికి మాత్రం ప్రతి గుర్తూ ఒక ప్రత్యేక నియమం అవుతుంది.

ఐవర్సన్ వీటన్నిటినీ ఒకే అచ్చులో పోశాడు. ఏ క్రియ అయినా ఒక దత్తాంశం మీద పనిచేస్తే దానికి ఎడమ పక్కన ఉండాలి. రెండింటి మీద పనిచేస్తే వాటి మధ్యన ఉండాలి. అంతే. 1960లో ఆయన ఐబీఎం పరిశోధన విభాగంలో చేరాడు. 1962లో ఈ సంకేత పద్ధతిని వివరిస్తూ ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ అనే పుస్తకం వెలువరించాడు. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే తర్వాత ఏపీఎల్ అనే పేరయ్యాయి. ఒక భిన్నాన్ని కింది పూర్ణసంఖ్యకు దించే గుర్తు ⌊, పై పూర్ణసంఖ్యకు చేర్చే గుర్తు ⌈ ఆ పుస్తకంలోనే మొదట కనిపించాయి. ఇప్పుడు ప్రపంచమంతా గణిత పుస్తకాల్లో వాటినే వాడుతున్నారు.

మొదట్లో ఇది కాగితం మీద రాసుకునే పద్ధతి మాత్రమే. ఎడిన్ ఫాల్కాఫ్, ఎడ్వర్డ్ ససెన్‌గత్‌లతో కలిసి ఐవర్సన్ 1964లో ఐబీఎం సిస్టమ్ 360 కంప్యూటర్ పనితీరు మొత్తాన్ని ఈ సంకేతాల్లోనే వర్ణించాడు. 1966 నాటికి ఏపీఎల్ అదే కంప్యూటర్ మీద నడిచింది. దాన్ని నడిపించే ప్రోగ్రామును నిర్మించిన లారీ బ్రీడ్, డిక్ లాత్‌వెల్, రోజర్ మూర్‌లకు 1973లో గ్రేస్ హాపర్ పురస్కారం దక్కింది. వాడేవాళ్లు ఐబీఎం టైపురైటర్ టెర్మినల్ ముందు కూర్చుని లెక్క టైపు చేస్తే, జవాబు ఆ కాగితం మీదే కింది వరుసలో పడేది. ఆ టైపురైటర్‌లో అక్షరాలన్నీ గుండ్రటి బంతి మీద ఉండేవి. బంతి మీద 88 గుర్తులకే చోటు ఉండేది కాబట్టి మిగతా గుర్తులను ఒక దాని మీద ఇంకొకటి కొట్టి తయారు చేసుకునేవారు.

ఒకే ఒక్క నియమం

గుర్తులు ఎక్కడ ఉండాలో తేలింది. ఇక ఏది ముందు చేయాలి? బడిలో గుణకారం, భాగహారం ముందు, కూడిక, తీసివేత తర్వాత అని నేర్పుతారు. ఇది ప్రకృతి నియమం కాదు. బహుపదులను బ్రాకెట్లు లేకుండా తేలిగ్గా రాసుకోవడానికి గణితజ్ఞులు కుదుర్చుకున్న ఒప్పందం. నాలుగైదు గుర్తులున్నంత వరకు అది బాగానే సాగుతుంది. ఏపీఎల్‌లో పదుల కొద్దీ క్రియలున్నాయి. రెండు సంఖ్యల్లో పెద్దది ఏదో చెప్పే క్రియ గుణకారం కంటే ముందా, వెనకా? వరుసను తిరగేసే క్రియ కూడిక కంటే ముందా, వెనకా? ఈ వరసలన్నీ ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

ఐవర్సన్ ఆ వరసలను పూర్తిగా రద్దు చేశాడు. క్రియలన్నీ సమానం. ప్రతి క్రియకూ తన కుడివైపున ఉన్నదంతా ఒకే దత్తాంశంగా అందుతుంది. బ్రాకెట్లు ఉంటే వాటి మాట వినాలి. ఆచరణలో దీని అర్థం, లెక్క కుడి కొస నుంచి మొదలవుతుంది. 3 × 4 + 5 అని రాస్తే ముందు 4 + 5 అయి 9 వస్తుంది, తర్వాత 3తో గుణిస్తే 27. బడిలో దీనికి 17 అని రాస్తాం. 10 − 5 − 2 కూడా అంతే. ముందు 5 − 2 అయి 3, ఆ తర్వాత 10 − 3 అయి 7. మొదట చెప్పుకున్న లెక్కలో బ్రాకెట్‌లోని 4ను 2తో గుణిస్తే 8, 8 ÷ 8 అయి 1.

కొత్తవాళ్లకు ఇది మొండితనంగా అనిపించవచ్చు. దీనివల్ల కలిగే మేలును రెండు ఉదాహరణలు పట్టి చూపిస్తాయి. మొదటిది:

5 + 10 × 4 + 10 × 3

కుడి నుంచి చేయండి. 10 × 3 అంటే 30. దానికి 4 కలిపితే 34. పదితో గుణిస్తే 340. 5 కలిపితే 345. మూడు, నాలుగు, అయిదు అనే అంకెల నుంచి ఒక్క బ్రాకెట్ లేకుండా 345 అనే సంఖ్య తయారైంది. పదికి బదులు ఏ విలువ పెట్టినా ఇదే వాక్యం బహుపది విలువను లెక్కగడుతుంది. 19వ శతాబ్దపు ఇంగ్లీషు గణితజ్ఞుడు విలియం జార్జ్ హార్నర్ పేరుతో పిలిచే పద్ధతి ఇదే. గుణకారాలు బాగా తగ్గుతాయి కాబట్టి కంప్యూటర్లు నేటికీ దీన్ని వాడుతున్నాయి. బడి నియమంతో రాయాలంటే బ్రాకెట్ లోపల బ్రాకెట్ పెడుతూ పోవాలి.

రెండోది తీసివేత. 2728ని 11 నిశ్శేషంగా భాగిస్తుందా అనడానికి అంకెలను ఒకటి విడిచి ఒకటి కలుపుతూ, తీసేస్తూ చూడాలని బడిలో నేర్పుతారు: 2లోంచి 7 తీసి, 2 కలిపి, 8 తీయాలి. రుణ 11 వస్తుంది, కాబట్టి భాగిస్తుంది. ఏపీఎల్‌లో అంకెల మధ్య తీసివేత గుర్తులు పెట్టి 2 − 7 − 2 − 8 అని రాస్తే చాలు. కుడి నుంచి 2 − 8 అంటే రుణ 6. 7లోంచి రుణ 6 తీస్తే 13. 2లోంచి 13 తీస్తే రుణ 11. కలపడం, తీయడం వంతులవారీగా రావడం నియమంలోంచే పుట్టింది. ఎడమ నుంచి చేస్తే వచ్చే రుణ 15కు 11తో ఏ సంబంధమూ లేదు.

పదాలు, వాటి జాతులు

1990లో ఐవర్సన్, రోజర్ హుయ్ కలిసి జె అనే భాషను బయటికి తెచ్చారు. ఏపీఎల్ ఆలోచనలనే మామూలు కీబోర్డు మీద ఉండే గుర్తులతో రాయగలిగేలా మలిచారు. అంతకు ముందు ఏడాది ఆర్థర్ విట్నీ అనే మిత్రుడు ఐవర్సన్ ఇంట్లో ఒక మధ్యాహ్నం కూర్చుని, ఇలాంటి భాషను నడిపే చిన్న నమూనా ప్రోగ్రామును ఒక్క పేజీలో రాసిపెట్టాడు. ఆ పేజీని చదివి, దాని మీద ఆలోచించాకే హుయ్ జె నిర్మాణానికి పూనుకున్నాడు. జె అన్వయం ఇంకా విప్పి చెప్పడానికి వీలైనది కాబట్టి ఇక్కడి నుంచి దాన్నే పట్టుకుందాం. జెలో గుణకారానికి *, భాగహారానికి % వాడతారు. చదవడానికి సుళువుగా ఉండేందుకు ఇక్కడ × ÷ అనే రాస్తాను.

జెలో ఒక లెక్కను వాక్యం అంటారు. వాక్యంలోని పదాలకు బడిలో నేర్చుకున్న వ్యాకరణం పేర్లే పెట్టారు. దత్తాంశాలు నామవాచకాలు. +, −, × లాంటివి క్రియలు. క్రియ పక్కన చేరి దాని తీరు మార్చే పదాలు క్రియావిశేషణాలు. వీటిలో అందరికంటే ముందు నేర్చుకునేది / గుర్తు. దాని ఎడమ పక్కన ఏ క్రియ ఉంటే ఆ క్రియను వరుసలోని సంఖ్యలన్నిటి మధ్యకూ చొప్పిస్తుంది. +/ అంటే మొత్తం. ×/ అంటే లబ్ధం. పైన 11 కోసం చేసిన పని −/. అటూ ఇటూ ఉన్న రెండు పదాలను కలిపి కొత్త క్రియను చేసేవి సముచ్చయాలు. × & 2 అని రాస్తే & అనేది గుణకారాన్నీ 2నూ ముడివేసి "రెట్టింపు చేయడం" అనే క్రియను తయారు చేస్తుంది.

యంత్రం మొదటి పని వాక్యాన్ని పదాలుగా విడదీయడం. పక్కపక్కన ఉన్న సంఖ్యలు, 3 4 5 లాంటివి, కలిసి ఒకే పదం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ శ్రేణి భాషల ప్రాణం ఇక్కడే ఉంది. అన్వయం చేసే యంత్రానికి వరుసలో మూడు సంఖ్యలున్నా ముప్ఫై లక్షలున్నా అది ఒక్క నామవాచకమే. తీసివేత గుర్తు క్రియ కాబట్టి రుణ సంఖ్యలకు వేరే గుర్తు కావాలి. ఏపీఎల్‌లో అంకె ముందు పై భాగాన చిన్న గీత గీస్తారు. జెలో అడుగున గీస్తారు. అందువల్ల రుణ సంఖ్య ఏదో, తీసివేత ఏదో యంత్రం తడబడదు.

ఒకే గుర్తు రెండు పనులు చేయడం కూడా ఈ భాషల పద్ధతి. 8 − 5లో అది తీసివేత. ఎడమ పక్కన నామవాచకం లేకుండా − 5 అని వస్తే అది గుర్తు మార్చడం. 8 ÷ 4 అంటే భాగహారం, ఒంటరిగా ÷ 4 అంటే నాలుగో వంతు, 0.25. ఎడమ పక్కన ఏముందో చూస్తేనే క్రియ ఏ పని చేయాలో తెలుస్తుంది. ఆ చూపు ఎలా సాగుతుందో ఇప్పుడు చూద్దాం.

నాలుగు పదాల కిటికీ

ఒక కాగితాన్ని చించి ఆరు చీటీలు చేయండి. వాటి మీద ఈ గుర్తులు రాసి ఎడమ నుంచి కుడికి పేర్చండి:

§   +   /   2   ×   3 4 5

మొదటి చీటీ మీదున్న § వాక్యం మొదలును చూపే హద్దు గుర్తు. యంత్రం దాన్ని తనే చేర్చుకుంటుంది. ఇక పని ఇలా సాగుతుంది. వరుస కుడి కొస నుంచి ఒక్కో చీటీని తీసి కింద ఇంకో వరుసలో, ఎడమ చివర పెడుతూ పోవాలి. ప్రతిసారీ కింది వరుసలో ఎడమవైపు నాలుగు చీటీలనే చూడాలి. పదాల జాతుల నమూనాలు రాసి ఉన్న పట్టిక ఒకటి జెకు ఉంది. ఆ నాలుగూ అందులోని ఏదైనా నమూనాకు సరిపోతే దానికి చెప్పిన పని చేసి, వాడిన చీటీల స్థానంలో జవాబు చీటీ పెట్టాలి. సరిపోకపోతే పై వరుస నుంచి ఇంకో చీటీ దించాలి.

ముందు 3 4 5 దిగింది. తర్వాత × దిగింది. తర్వాత 2 దిగింది. ఇప్పుడు కింద 2 × 3 4 5 ఉంది. లెక్క చేసేయవచ్చనిపిస్తుంది. యంత్రం మాత్రం ఆగుతుంది. 2కు ఎడమ పక్కన ఏముందో ఇంకా తెలియదు కదా.

నాలుగో చీటీ / దిగింది. కింద / 2 × 3 4 5 ఉన్నాయి. ఎడమ కొసన క్రియావిశేషణం, తర్వాత నామవాచకం, క్రియ, నామవాచకం. పట్టికలో ఈ నమూనా ఉంది. రెండు దత్తాంశాల క్రియను అమలు చేయమని దానికి ఎదురుగా రాసి ఉంది. 2తో ఒక్కో సంఖ్యనూ గుణిస్తే 6 8 10. ఆ మూడు చీటీలూ పోయి వాటి చోట జవాబు వచ్చింది. కింద / 6 8 10 మిగిలాయి.

అయిదో చీటీ + దిగింది. + / 6 8 10 అనేది ఏ నమూనాకూ సరిపోదు, ఎందుకంటే + కు ఎడమ పక్కన ఏముందో మళ్లీ చూడాలి. చివరి చీటీ § దిగింది. హద్దు, క్రియ, క్రియావిశేషణం, ఆపైన ఏదైనా సరే అనే నమూనా కుదిరింది. + నూ / నూ ముడివేస్తే +/ అనే కొత్త క్రియ పుట్టింది. ఇప్పుడు § +/ 6 8 10 ఉన్నాయి. హద్దు, క్రియ, నామవాచకం అనేది ఒక దత్తాంశం మీద పనిచేసే క్రియ నమూనా. మొత్తం తీస్తే 24. § పక్కన ఒక్క జవాబే మిగిలింది, వాక్యం పూర్తయింది.

మూడో చీటీ దగ్గర యంత్రం ఎందుకు ఆగిందో ఇంకో వాక్యం తేటతెల్లం చేస్తుంది:

× & 2 − 3 4 5

2 దిగగానే తొందరపడి ఉంటే 2 − 3 4 5 అయిపోయి రుణ 1, రుణ 2, రుణ 3 వచ్చేవి. యంత్రం ఆగింది కాబట్టి 2కు ఎడమ పక్కన సముచ్చయం & ఉందని చూసింది. 2 దాని సొత్తు. § దిగేదాకా ఆగి × & 2ను ముడివేసి రెట్టింపు చేసే క్రియను తయారు చేసుకుంది. అప్పుడు − కు ఎడమ పక్కన నామవాచకం లేదు, క్రియ ఉంది. అందువల్ల − గుర్తు మార్చే పని చేసింది. జవాబు రుణ 6, రుణ 8, రుణ 10. క్రియావిశేషణాలు, సముచ్చయాలు తమ పదాలను ముందు తీసుకుంటాయి, ఆ తర్వాతే క్రియలు దత్తాంశాలను అందుకుంటాయి. కుడి నుంచి చదివే నియమానికి తోడుగా నిలిచే రెండో సూత్రం ఇదొక్కటే.

జె పట్టికలో మొత్తం తొమ్మిది నమూనాలున్నాయి. ఒక దత్తాంశం క్రియకు రెండు, రెండు దత్తాంశాల క్రియకు ఒకటి, క్రియావిశేషణానికి ఒకటి, సముచ్చయానికి ఒకటి, వరుసగా వచ్చిన పదాలను కూర్చడానికి రెండు, పేరు పెట్టడానికి ఒకటి, బ్రాకెట్లు విప్పడానికి ఒకటి. భాష వ్యాకరణమంతా ఈ తొమ్మిది వరుసలే.

క్రియల కూర్పు అంటే ఏమిటో సగటు చూపిస్తుంది. జెలో # ఒక వరుసలో ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ఒక విద్యార్థి మార్కులు 40 60 80 అనుకోండి.

(+/ ÷ #) 40 60 80

బ్రాకెట్ లోపల మూడు క్రియలు పక్కపక్కన ఉన్నాయి, దత్తాంశం లేదు. అలాంటప్పుడు యంత్రం మూడింటినీ ఒకే క్రియగా కూరుస్తుంది. రెండు కొసల క్రియలూ అదే దత్తాంశం మీద విడివిడిగా పని చేస్తాయి, నడిమి క్రియ వాటి జవాబులను కలుపుతుంది. మొత్తం 180, సంఖ్య 3, భాగిస్తే 60. ఇప్పుడు బ్రాకెట్లు తీసేయండి. అవే గుర్తులు, అదే వరుస. # ముందుగా 3 అంటుంది. ఒంటరి ÷ మూడో వంతు తీసి 0.333333 అంటుంది. ఒక్క సంఖ్యకు మొత్తం తీస్తే అదే వస్తుంది. 60 ఎక్కడ, మూడో వంతు ఎక్కడ! అన్వయం మారితే అర్థం ఎంత మారుతుందో చెప్పడానికి ఇంతకంటే పొట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ముందే అన్వయించి పెట్టుకోలేరా?

చాలా భాషల్లో ప్రోగ్రాము మొత్తాన్ని ముందుగా అన్వయించి, ఆ తర్వాత తీరిగ్గా నడుపుతారు. జెలో పైన చూసినట్టు అన్వయం, అమలు కలిసి నడుస్తాయి. ఒక నమూనా కుదరగానే పని జరిగిపోతుంది, ఆ తర్వాతే ఇంకో పదం దిగుతుంది. దీనికి కారణం పేర్లు. వాక్యంలో క, చ, ట అనే మూడు పేర్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. క, ట సంఖ్యలై చ క్రియ అయితే, ఆ రెండు సంఖ్యల మీదా చ పని చేయాలి. క, చ రెండూ క్రియలైతే, ట మీద ముందు చ పని చేసి, వచ్చిన జవాబు మీద క పని చేయాలి. ఏ పేరు ఏ జాతిదో ప్రోగ్రాము నడుస్తుండగా గానీ తెలియకపోవచ్చు. అలాంటప్పుడు వాక్యాన్ని ముందే అన్వయించడం కుదరదు.

ఈ చిక్కును 2020లో మార్షల్ లాక్‌బామ్ రూపొందించిన బీక్యూఎన్ అనే శ్రేణి భాష తెలివిగా దాటింది. అందులో పేరు రాసే తీరే దాని పాత్రను చెబుతుంది. దత్తాంశంగా వాడే పేరు చిన్న అక్షరంతో, క్రియగా వాడే పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది. క్రియను మార్చే పదాలకు ముందు అడుగు గీత ఉంటుంది. విలువలేమీ తెలియకుండానే వాక్య నిర్మాణం మొత్తం కంటికి కనిపిస్తుంది. యంత్రం కూడా ముందుగానే అన్వయించి, వేగంగా నడిచే రూపంలోకి మార్చి పెట్టుకోగలుగుతుంది.

ఒక్క ఆజ్ఞ, పది లక్షల కూడికలు

ఇక అమలు. పది లక్షల సంఖ్యలున్న రెండు వరుసలను కూడాలి. ఒక్కో కూడికనూ విడిగా చదువుకునే భాష అయితే ప్రతిసారీ గుర్తు ఏమిటో చూసి, రెండు వైపులా ఉన్నవి పూర్ణాంకాలా దశాంశాలా అని పరీక్షించి, జవాబుకు చోటు వెతకాలి. కూడిక కంటే ఈ ముందు పనికే ఎక్కువ సమయం పోతుంది, అదీ పది లక్షల సార్లు. శ్రేణి భాషలో ఈ పరీక్షలన్నీ ఒక్కసారే. వరుసల పొడవులు సమానమా? అందులో ఉన్నవి ఏ రకం సంఖ్యలు? ఈ రెండూ తేలగానే ఆ రకానికి తగ్గట్టు ముందే రాసి పెట్టిన యంత్రభాష ముక్క వరుస పొడవునా పరుగెడుతుంది. నేటి ప్రాసెసర్లలో 256 బిట్ల వెడల్పున్న గళ్లుంటాయి. 64 బిట్ల సంఖ్యలు నాలుగింటిని అవి ఒకే ఆజ్ఞతో కూడగలవు. అన్వయం ఎంత నిదానంగా సాగినా దాని ఖర్చు పది లక్షల మీద పంచుకుపోతుంది.

పొడవుల విషయంలో నియమం ఖచ్చితంగా ఉంటుంది. ఒకవైపు ఒకే సంఖ్య ఉంటే అది రెండో వైపు ప్రతి సంఖ్యతోనూ జతకడుతుంది. 2 × 3 4 5లో జరిగింది అదే. రెండు వైపులా వరుసలుంటే పొడవులు సమానంగా ఉండాలి. 1 2 + 3 4 5 అని రాస్తే పొడవు తప్పు అని చెప్పి యంత్రం ఆగిపోతుంది. ఊహించుకుని సర్దుబాటు చేయదు. జవాబులు అవును, కాదు రూపంలో ఉంటే ఏపీఎల్ ఒక్కో జవాబును ఒక్క బిట్‌లో దాస్తుంది. అలా పది లక్షల జవాబులు 1,25,000 బైట్లలో ఇమిడిపోతాయి.

ఈ పద్ధతికి ఒక లోపమూ ఉంది. మూడు పెద్ద వరుసలను గుణించి, కూడే వాక్యంలో ముందు గుణకారం పూర్తయి దాని జవాబు మొత్తం ఒక కొత్త వరుసగా జ్ఞాపకంలో తయారవుతుంది. పది లక్షల దశాంశ సంఖ్యలకు 80 లక్షల బైట్లు. మరుక్షణం కూడిక అయిపోగానే ఆ వరుస అవసరం తీరిపోతుంది. ఈ వృథాను ఫిలిప్ ఏబ్రమ్స్ 1970లోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తన పరిశోధన గ్రంథంలో చర్చించి రెండు ఉపాయాలు చెప్పాడు. మొదటిది వాయిదా. జవాబు నిజంగా కావలసి వచ్చేదాకా లెక్క చేయకుండా ఉంచి, అప్పుడు ఒక్కో సంఖ్యకూ అన్ని పనులూ ఒకేసారి చేసేయడం. రెండోది కదపకపోవడం. రేషన్ దుకాణం ముందు వంద మంది వరుసలో నిలబడ్డారు, చివరివాళ్లకు ముందు ఇవ్వాలని నిర్ణయించారు. వంద మందినీ అటుదిటు మార్చి నిలబెట్టక్కర్లేదు. పేర్లు చివరి నుంచి పిలవమని డీలర్‌కు చెబితే చాలు. అలాగే వరుసను తిరగేయమన్నప్పుడు సంఖ్యలను తాకకుండా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు నడవాలి అన్న రెండు వివరాలు మారిస్తే సరిపోతుంది.

ఈ రెండో ఉపాయం నేడు లక్షల మంది చేతుల్లో ఉంది. పైథాన్‌లో డేటా సైన్స్ నేర్చుకునే విద్యార్థులంతా వాడే నమ్‌పై గ్రంథాలయం వరుసను తిరగేసేటప్పుడు సంఖ్యలను కదపదు, మొదలుపెట్టే చోటును, నడక దిశను మాత్రమే మారుస్తుంది. శ్రేణి మొత్తాన్ని ఒక్క వస్తువుగా పట్టుకునే అమలు పద్ధతిని నమ్‌పై తీసుకుంది. అన్వయాన్ని మాత్రం పైథాన్‌కే వదిలేసింది. అందుకే నమ్‌పైలో గుణకారం ఇప్పటికీ కూడిక కంటే ముందు జరుగుతుంది.

ఎవరి నియమం మేలు?

ఐవర్సన్ నియమాన్ని అందరూ మెచ్చుకోలేదు. 1975లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఏపీఎల్‌ను ఘాటుగా విమర్శించాడు. బడి అలవాటుతో వచ్చేవాళ్లు తీసివేత దగ్గర పొరపడటం నిజం. ఒకే వరుసలో పది గుర్తులు కుక్కిన వాక్యాన్ని చదవడానికి ఓపిక కావాలన్నదీ నిజం. అయినా 1979లో ఐవర్సన్‌కు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. ఆ సందర్భంగా చేసిన ప్రసంగంలో ఆయన సంకేతాలు ఆలోచనకు పనిముట్లని వాదించాడు. 11 పరీక్ష, హార్నర్ పద్ధతి, సగటు మనం ఇక్కడ చేత్తో చేసి చూశాం. ఒక్కోటి అరవరుసకు మించలేదు. నియమాలు కొద్దిగా ఉండటం వల్లే అది సాధ్యమైంది. కొత్త క్రియ ఒకటి చేరినా అన్వయ పట్టికలో మార్చాల్సింది ఏమీ ఉండదు. ఐవర్సన్ వాదన సరైనదని నేను నమ్మడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

కొత్తగా ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లకైనా, నేర్పేవాళ్లకైనా ఒక మనవి. ఆజ్ఞల జాబితా బట్టీ పట్టే ముందు ఆ భాష తన వాక్యాన్ని ఏ వరసలో చదువుతుందో తెలుసుకోండి. జె ఉచితంగా దొరుకుతుంది, దాని మూల ప్రోగ్రాము కూడా 2011 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. చీటీలతో ఒక వాక్యాన్ని చివరిదాకా మీరే అన్వయించి, జవాబు కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే అదే వాక్యాన్ని యంత్రానికి ఇచ్చి సరిచూసుకోండి.